మతి తప్పినవాడూ ఉరికంబమూ

ఉరిశిక్ష పడిన మనిషికి మతి చలిస్తే ఉరి ఆపాలన్నది ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయంలో శతాబ్దాల నాటి నియమం. 17వ శతాబ్దంలో దాన్ని గ్రంథాలకెక్కించిన న్యాయవేత్తలు కూడా కొత్త మాట చెబుతున్నామనలేదు, అందరూ ఎరిగిన సంగతిగానే రాశారు. ఈస్టిండియా కంపెనీ కోర్టుల వెంట అది భారతదేశానికీ వచ్చింది. ఆ నియమమే తప్పని గట్టిగా వాదించినవారు ఇన్ని వందల ఏళ్ళలో బహు కొద్దిమంది. తగవంతా దాని చుట్టూ ఉన్న ప్రశ్నల మీదే నడిచింది. మతి తప్పిందని తేల్చేదెవరు? రాజా, జూరీయా, జైలరా, డాక్టరా, జడ్జీయా? ఏ కొలత పెట్టి తేల్చాలి? నటించేవాణ్ణి ఎలా పట్టుకోవాలి? ఈ ప్రశ్నలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వచ్చిన తీరే ఈ నియమం చరిత్ర.

ముద్దాయి మతిస్థిమితం గురించి చట్టం మూడు వేర్వేరు ఘట్టాల్లో ఆరా తీస్తుంది. నేరం జరిగిన క్షణాన అతని బుద్ధి ఎలా ఉంది అన్నది మొదటిది. అప్పుడు మతి లేదని రుజువైతే అసలు నేరమే కాదు. విచారణ జరిగే రోజుల్లో తన మీద మోపిన అభియోగం ఏమిటో, తన వకీలు ఏం చేస్తున్నాడో తెలుసుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది రెండోది. లేకపోతే విచారణ ఆగుతుంది, కేసు మాత్రం పోదు. నేరం నిండు తెలివితో చేసి, విచారణలో నిబ్బరంగా నిలబడి, శిక్ష పడ్డాక కండెమ్డ్ సెల్‌లో మతి పోగొట్టుకున్నవాడి సంగతి మూడోది. పత్రికా కథనాల్లో ఈ మూడూ తరచూ ఒకటిగా కలిసిపోతాయి. మొదటి రెండింటికీ మన శిక్షాస్మృతుల్లో సెక్షన్లున్నాయి. మూడోదానికి లేదు.

ఇంగ్లాండులో ఈ నియమాన్ని కాదన్న పాలకుల్లో ముందుగా చెప్పుకోవలసినవాడు ఎనిమిదో హెన్రీ. రాణి కేథరిన్ హోవర్డ్ మీద వచ్చిన అభియోగంలో ఆమె చెలికత్తె జేన్ బొలీన్ కూడా ఇరుక్కుంది. నిర్బంధంలో ఆమెకు మతి చలించిందన్నారు. పిచ్చివాళ్ళకు శిక్ష లేదన్న సంప్రదాయం రాజుకు అడ్డొచ్చింది. రాజద్రోహం చేసినవాళ్ళు ఆ తర్వాత పిచ్చివాళ్ళయినా సరే శిక్షించవచ్చని పార్లమెంటు చేత చట్టం చేయించాడు. 1542 ఫిబ్రవరి 13న రాణితో పాటు ఆ చెలికత్తె తలా తెగింది. హెన్రీ కుమార్తె మేరీ ఏలుబడిలో ఆ చట్టం రద్దయింది. ఒక మనిషి తల కోసం పుట్టి, పన్నెండేళ్ళకు పోయిన చట్టమది.

ఆ చట్టం క్రూరమైనదని ఎడ్వర్డ్ కోక్ తన గ్రంథం మూడో భాగంలో రాశాడు. 1644లో అచ్చయిన ఆ భాగం ప్రకారం, నేరస్థుణ్ణి చంపేది చూసినవాళ్ళకు భయం కలగడానికి. పిచ్చివాణ్ణి చంపితే చూసేవాళ్ళకు కలిగేది జాలే తప్ప భయం కాదు. 1680ల నాటి జాన్ హాలెస్ మతపరమైన కారణం చెప్పాడు. పోయే ముందు పశ్చాత్తాపపడి దేవుడితో లెక్క తేల్చుకునే అవకాశం ప్రతి పాపికీ ఉండాలి, మతి లేనివాడు ఆ పని చేయలేడు కనుక అతణ్ణి ఆ స్థితిలో పరలోకానికి పంపడం తగదు. 18వ శతాబ్దంలో బ్లాక్‌స్టోన్ మూడో కారణం చూపాడు. తెలివిలో ఉంటే తన శిక్ష ఆగడానికి ఏదైనా ఆధారం చూపగలిగేవాడేమో, ఆ నోరు మూసుకుపోయినప్పుడు ఉరి తీయడం అన్యాయం. పిచ్చే పెద్ద శిక్ష, దాని మీద ఇంకో శిక్ష ఎందుకన్న లాటిన్ నానుడి కూడా ఈ వాదాలకు తోడుగా వినిపించేది.

కారణాలు ఇన్ని ఉండడం నియమానికి బలమనిపిస్తుంది. నిజానికి బలహీనతా అక్కడే ఉంది, ఎందుకంటే కారణాన్ని బట్టి కొలత మారిపోతుంది. బ్లాక్‌స్టోన్ లెక్కన ఖైదీ తన వకీలుకు సాయపడగలడా అని చూడాలి. హాలెస్ లెక్కన తన పాపం తనకు గుర్తుందా అని చూడాలి. శిక్ష అంటే చేసినదానికి అనుభవించడం అనుకుంటే, తనను ఎందుకు చంపుతున్నారో అతనికి తెలుసా అన్నదే గీటురాయి. ఒకే ఖైదీ ఒక పరీక్షలో తప్పి ఇంకోదానిలో నెగ్గవచ్చు. 20వ శతాబ్దపు కోర్టులు ఈ చిక్కుముడినే మళ్ళీ మొదటి నుంచి విప్పుకోవలసి వచ్చింది.

పరీక్ష సంగతి అటుంచి, విచారణకు కాస్త వ్యవధి ఇవ్వడమే ఆనాటి కోర్టులకు కష్టంగా ఉండేది. 1812 మే 11న జాన్ బెల్లింగ్‌హామ్ అనే వర్తకుడు పార్లమెంటు లాబీలో ప్రధాని స్పెన్సర్ పెర్సివల్‌ను పిస్తోలుతో కాల్చి చంపాడు. హత్యకు గురైన బ్రిటిష్ ప్రధాని ఇప్పటికీ ఆయన ఒక్కరే. బెల్లింగ్‌హామ్ రష్యాలో అప్పుల కేసులో జైలుపాలై, ప్రభుత్వం తనకు నష్టపరిహారం బాకీ ఉందన్న పట్టుదలతో ఏళ్ళ తరబడి తిరిగాడు. అతనికి మతి సరిగా లేదని చెప్పగల సాక్షులను దూరప్రాంతం నుంచి రప్పించడానికి గడువు ఇమ్మని వకీలు వేడుకున్నాడు. కోర్టు కుదరదంది. 15న విచారణ, 18న ఉరి. కాల్పులకూ ఉరికీ మధ్య సరిగ్గా వారం.

దానికి 12 ఏళ్ళ ముందు జేమ్స్ హాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు డ్రూరీ లేన్ నాటకశాలలో మూడో జార్జి రాజు మీద కాల్పులు జరిపాడు. యుద్ధంలో తల మీద తగిలిన కత్తి గాయాలను ఎర్‌స్కిన్ అనే సమర్థుడైన వకీలు జూరీకి చూపించాడు. హాడ్‌ఫీల్డ్ నిర్దోషి అయ్యాడు. అలా విడుదలైనవాణ్ణి వీధిలోకి వదలకుండా నిర్బంధంలో ఉంచడానికి అదే ఏడాది, 1800లో, ప్రత్యేకంగా చట్టం చేశారు. గురి పెట్టింది రాజు మీదనే అయినా హాడ్‌ఫీల్డ్ బతికాడు, ప్రధానిని చంపిన బెల్లింగ్‌హామ్ బతకలేదు. ఈ తేడాలో మతిస్థిమితం పాలు ఎంతో, వకీలు పాలు ఎంతో విడదీయడం కష్టం.

ఆ తర్వాత 1843 జనవరిలో డేనియల్ మెక్‌నాటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చాడు. అధికార పక్షం తనను వెంటాడుతోందన్న భ్రాంతి అతనిది. జూరీ అతణ్ణి నిర్దోషిగా తేల్చితే ఊరంతా గగ్గోలెత్తింది. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి ప్రశ్నలడిగింది. వాళ్ళిచ్చిన జవాబులే మెక్‌నాటన్ సూత్రాలయ్యాయి. చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలియనంతగా బుద్ధి చెడితేనే మినహాయింపు. తెలిసినా ఆపుకోలేకపోయాను అంటే ఈ సూత్రాల ముందు చెల్లదు. మెక్‌నాటన్ మాత్రం ఆ సూత్రాల కింద విచారణ ఎదుర్కోలేదు. 1865లో బ్రాడ్‌మూర్ ఆస్పత్రిలో చనిపోయాడు.

భారతదేశంలో ఈ కథ ఇంగ్లిష్ చట్టంతో మొదలుకాలేదు. కంపెనీ తొలినాళ్ళలో క్రిమినల్ న్యాయం ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారమే నడిచేది. ఆ శాస్త్రంలో మజ్నూన్, అంటే మతి లేనివాడు, చిన్నపిల్లవాడితో సమానం. హత్యకు ప్రాణదండన అతనికి వర్తించదు. 1802లో మద్రాసులో ఫౌజ్‌దారీ అదాలత్ ఏర్పడ్డాక మచిలీపట్నం, చిత్తూరు వంటి కేంద్రాల సర్క్యూట్ కోర్టుల్లో జడ్జి పక్కన ముస్లిం న్యాయాధికారి కూర్చుని ఫత్వా చెప్పేవాడు. మరణశిక్ష వేయదగ్గ కేసులు మద్రాసుకు వెళ్ళవలసిందే. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తే గానీ అమలు చేయరాదన్న నేటి పద్ధతికి ఇది పాత రూపం లాంటిది.

మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ 1837లో సమర్పించిన ముసాయిదాలో మతి లేనివారి గురించిన మాట చాలా సూటిగా ఉంది. పిచ్చి వల్లనో సన్నిపాతం వల్లనో చేసిన పని నేరం కాదు, అంతే. 1860లో చట్టమై వచ్చిన భారత శిక్షాస్మృతిలో ఆ సూటిదనం పోయింది. మధ్యలో మెక్‌నాటన్ సూత్రాలు వచ్చాయి. 84వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేని కారణంగా తాను చేస్తున్న పని స్వభావం గానీ, అది తప్పు లేదా చట్టవిరుద్ధమని గానీ తెలుసుకోలేనివాడు చేసినది మాత్రమే నేరం కాదు. పిచ్చి ఉందా అని అడిగే చట్టం కాస్తా, తెలిసి చేశాడా అని అడిగే చట్టమైంది. అందుకే వైద్యుల దృష్టిలో పిచ్చి వేరు, చట్టం దృష్టిలో పిచ్చి వేరు అన్న వాక్యం భారతీయ తీర్పుల్లో పదే పదే కనిపిస్తుంది. స్కిజోఫ్రీనియా ఉందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన 84వ సెక్షన్ వర్తించేది కాదు.

రుజువు బాధ్యత ముద్దాయిదే. అది ఎంత బరువో 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసింది తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. ముద్దాయి సందేహానికి తావులేకుండా నిరూపించనక్కరలేదు, సివిల్ కేసులో మాదిరి ఎక్కువ సంభావ్యత చూపితే చాలు. అంతమాత్రం చూపలేకపోయినా, అతను చూపిన ఆధారాలు హత్యాసంకల్పం మీదనే అనుమానం కలిగిస్తే ఆ అనుమానపు ఫలం అతనికే దక్కాలి. నేరానికి ముందు, నేర సమయంలో, ఆ తర్వాత అతని ప్రవర్తన ఎలా ఉందో చూడాలి. సూత్రం ఉదారమైనదే. ఆ కేసులోని ముద్దాయికి మాత్రం అది ఉపయోగపడలేదు, అప్పీలు కొట్టేశారు.

నేరం అంటకుండా బయటపడ్డవాడు ఇంటికి వెళ్ళడు. అతణ్ణి సురక్షిత నిర్బంధంలో ఉంచమనో, పూచీ మీద బంధువులకు అప్పగించమనో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. విచారణకు పనికిరాడని తేలినవాడిదీ ఇంచుమించు అదే దారి. 1858 చట్టంతో ఊపందుకున్న పిచ్చాసుపత్రుల్లోకి ఇలాంటివారూ చేరారు. తెలుగు జిల్లాలకు వాల్తేరు ఆస్పత్రి, నిజాం రాజ్యంలో జాల్నా నుంచి 1953లో హైదరాబాదుకు మారిన ఎర్రగడ్డ ఆస్పత్రి ఆ పరంపరలోవే. ఎర్రగడ్డ అన్న ఊరిపేరే తెలంగాణలో తిట్టుగా మారిందంటే, ఆ గోడల వెనక ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం జనానికి ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక మనిషి, విచారణకు తగిన మతి లేదన్న కారణంతో 54 ఏళ్ళు నిర్బంధంలో గడిపి 2005లో బయటికి వచ్చాడు. అతనిపై మోపిన నేరానికి గరిష్ఠ శిక్ష పడినా అంతకాలం జైల్లో ఉండేవాడు కాదు. అతనిది ఉరిశిక్ష కేసు కాదు గానీ, విచారణ ఆగడమంటే విడుదల కాదన్న సంగతి దానితో లోకానికి తెలిసింది.

చట్టపు పలుకుబడి కూడా మారుతూ వచ్చింది. 1912 చట్టానికి ఇలాంటి ఖైదీ ‘క్రిమినల్ లూనటిక్’. 1987 చట్టానికి ‘మెంటల్లీ ఇల్ ప్రిజనర్’. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దృష్టిలో మానసిక అనారోగ్యం ఉన్న ఖైదీ. పేరు మారినంత తొందరగా గది మారలేదు.

ఇక మూడో ఘట్టం, శిక్ష పడ్డాక పట్టే పిచ్చి. ఇంగ్లాండులో దీన్ని తేల్చే పని 1884 చట్టంతో డాక్టర్ల చేతికి వచ్చింది. ఉరిశిక్ష పడిన ఖైదీకి మతి లేదన్న అనుమానం వస్తే హోంమంత్రి కనీసం ఇద్దరు వైద్యుల చేత పరీక్ష చేయించాలి. ఆ చట్టం జనం కంట్లో పడింది 1922లో. రోనాల్డ్ ట్రూ అనే పలుకుబడి గల కుటుంబీకుడు ఒక స్త్రీని చంపాడు. జూరీ పిచ్చి వాదాన్ని తోసిపుచ్చింది, అప్పీలూ పోయింది. హోంమంత్రి షార్ట్ పంపిన వైద్యులు పిచ్చేనని తేల్చడంతో శిక్ష ఆగింది. అదే రోజుల్లో హెన్రీ జాకొబీ అనే 18 ఏళ్ళ హోటల్ కుర్రాడు, దయ చూపమని జూరీ సిఫారసు చేసినా, ఉరికంబమెక్కాడు. ఉన్నవాడికి పిచ్చి, లేనివాడికి ఉరి అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. వైద్యపరంగా ట్రూ విషయంలో షార్ట్ చేసింది సబబే. కోర్టు వెలుపల, మూసిన తలుపుల వెనక మంత్రి తేల్చే ఏ నిర్ణయమైనా అలాంటి అనుమానానికి లోనవుతుందన్నదీ అంతే నిజం.

భారతదేశం ఈ నిర్ణయాన్ని మంత్రుల చేతికే వదిలేసింది. అది కూడా చట్టంలో రాయకుండా. గర్భవతికి ఉరి వాయిదా వేయాలని 1898 కోడ్‌లో ఉంది, 1973 కోడ్‌లోనూ ఉంది. మతి తప్పినవారికి అలాంటి మాట లేదు. 1900 నాటి ఖైదీల చట్టం 30వ సెక్షన్, మతి చెడిన ఖైదీని పిచ్చాసుపత్రికి పంపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. కండెమ్డ్ ఖైదీలో పిచ్చి లక్షణాలు కనిపిస్తే సూపరింటెండెంటు ఉరి ఆపి ప్రభుత్వానికి రాయాలని పలు జైలు మాన్యువళ్ళు చెప్పాయి. ప్రాణం నిలబెట్టే నియమానికి ఇల్లు ఆ మాన్యువళ్ళే.

అమృత్ భూషణ్ గుప్తా కేసులో ఈ లోటు సుప్రీంకోర్టు ముందుకే వచ్చింది. 1977 లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం.హెచ్. బేగ్ పాత ఇంగ్లిష్ న్యాయవేత్తలందరినీ తిరగేశారు. పిచ్చివాణ్ణి ఉరి తీయరాదన్న సూత్రం ఉందని ఒప్పుకున్నారు. అయితే చట్టబద్ధంగా ఖరారైన శిక్షను కోర్టులు ఆపలేవు, ఖైదీ స్థితిని కనిపెట్టి తగిన చర్య తీసుకోవలసింది ప్రభుత్వమేనని తేల్చారు. నియమం నిజమే గానీ, దాన్ని అమలు చేయమని అడిగే హక్కు ఎవరికీ లేదన్నట్టయింది. దయాభిక్ష ఫైలు ఏ బల్ల మీద ఎంతకాలం ఉందో తెలియని ఖైదీకి ఇది పెద్ద ఊరటేమీ కాదు.

ఇంతలో శిక్షాస్మృతికి ఇంకో తలుపు తెరుచుకుంది. 1973 కోడ్ ప్రకారం ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి, శిక్ష విషయంలో ముద్దాయిని విడిగా వినాలి. 1980 బచన్ సింగ్ తీర్పు శిక్ష తగ్గించడానికి పరిగణించదగ్గ అంశాలను పేర్కొంటూ, నేరపు తప్పును గుర్తించే శక్తి మానసిక లోపం వల్ల తగ్గి ఉండడాన్ని కూడా చేర్చింది. 84వ సెక్షన్ దాకా చేరని రోగికి ఇది రెండో మెట్టు. కింది కోర్టుల్లో ఆ మెట్టు ఎక్కించేవారే కరవయ్యారు. శిక్ష మీద వాదన అదే రోజు మధ్యాహ్నం అయిపోయే కేసుల్లో సైకియాట్రిస్టు నివేదిక ఎక్కడి నుంచి వస్తుంది?

మతి పోవడానికి ఉరి కొట్టే కారణమవుతుందన్న మాటా ఆ దశాబ్దంలోనే కోర్టుల్లో వినిపించింది. 1978లో సునీల్ బాత్రా కేసులో, దయాభిక్షతో సహా అన్ని దారులూ మూసుకుపోయేవరకు ఉరిశిక్ష పడినవాణ్ణి ఒంటరి నిర్బంధంలో పెట్టరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1983 నాటికి వతీశ్వరన్ అనే తమిళనాడు ఖైదీ అలాంటి ఒంటరి కొట్టులోనే 8 ఏళ్ళు గడిపాడు. ఆ కేసులో తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి, ఏళ్ళ తరబడి మృత్యువు నీడన కూర్చోబెట్టడం మనిషిని మనిషి కాకుండా చేస్తుందని, రెండేళ్ళు దాటిన జాప్యానికి ఉరి రద్దు చేయాలని తీర్పిచ్చారు. ఆ రెండేళ్ళ గీతను కొన్ని వారాలకే వేరే ధర్మాసనం చెరిపేసింది, 1989లో త్రివేణిబెన్ కేసు దాన్ని ఖరారు చేసింది. గీత పోయినా, జాప్యపు బాధ లెక్కలోకి వస్తుందన్న మాట మాత్రం నిలిచింది.

సరిగ్గా అదే కాలంలో అమెరికా సుప్రీంకోర్టు పాత ఇంగ్లిష్ నియమాన్ని రాజ్యాంగ హక్కుగా మార్చింది. 1986 ఫోర్డ్ తీర్పు అది. ఖైదీకి మతి ఉందో లేదో గవర్నరు పంపిన డాక్టర్ల మాట మీదే వదిలేయరాదు, ఖైదీ వైపు ఆధారాలను వినాలి. అయినా 1992 జనవరిలో ఆర్కన్సాస్‌లో రికీ రే రెక్టర్‌ను చంపారు. పోలీసును చంపి తన తలలో తనే కాల్చుకున్నందువల్ల అతని మెదడులో కొంత భాగం లేదు. చివరి భోజనంలోని పెకాన్ పైను అతను ముట్టుకోలేదు, తర్వాత తింటానని పక్కన పెట్టుకున్నాడు. అప్పటి గవర్నరు, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న బిల్ క్లింటన్, ప్రచారం ఆపి రాష్ట్రానికి వచ్చినా ఆ శిక్ష అమలును ఆపలేదు. తనను చంపేది ఎందుకో పెదవులతో చెప్పగలిగితే చాలదు, ఆ కారణాన్ని నిజంగా గ్రహించాలని 2007 పనెట్టి తీర్పు చెప్పింది. మత ప్రచారం ఆపించడానికే ప్రభుత్వం తనను చంపబోతోందని పనెట్టి నమ్మాడు. మందులిచ్చి మతి కుదిర్చి ఆపైన చంపవచ్చా అన్న ప్రశ్నకు ఆ దేశపు కోర్టులు ఒక్క జవాబు ఇవ్వలేదు. లూసియానా రాష్ట్ర సుప్రీంకోర్టు 1992లో కాదంది, ఫెడరల్ అప్పీలు కోర్టు ఒకటి 2003లో అవునంది. చంపడం కోసం బాగుచేయడం వైద్యుడి పనేనా అన్నది వైద్యులనూ చీల్చింది.

భారతదేశంలో మలుపు 2014 జనవరి 21న వచ్చింది. శత్రుఘ్న చౌహాన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి పి. సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. ఎక్కువమంది విషయంలో కారణం జాప్యం. ఇద్దరి విషయంలో మతిస్థిమితం, ఒకరు ఉత్తరాఖండ్ ఖైదీ, ఇంకొకరు మధ్యప్రదేశ్ ఖైదీ. మధ్యప్రదేశ్ ఖైదీకి అంతకుముందు ఆగస్టులో ఉరి తేదీ కూడా పడింది, చివరి ఘడియలో స్టే వచ్చింది. అమృత్ భూషణ్ కేసులో చేతులు కట్టుకున్న కోర్టు ఇక్కడ చేతులు చాచింది. శిక్ష ఖరారైన తర్వాత తలెత్తిన మతిభ్రంశం కూడా జీవించే హక్కు కింద పరిశీలించదగ్గ అంశమేనంది. ఉరి ఖైదీలకు క్రమం తప్పకుండా మానసిక పరీక్షలు జరగాలని, ప్రభుత్వ డాక్టర్లు, సైకియాట్రిస్టులు ఫిట్‌గా ఉన్నాడని తేల్చితేనే సూపరింటెండెంటు ముందుకు వెళ్ళాలని, దయాభిక్ష తిరస్కరణ తెలిపాక కనీసం 14 రోజుల వ్యవధి ఇవ్వాలని మార్గదర్శకాలు రాసింది. రెండు నెలలకు, మార్చి 31న, దేవిందర్‌పాల్ సింగ్ భుల్లర్ అనే ఉరి ఖైదీ శిక్ష కూడా తగ్గింది. ఏడాది ముందు ఇదే సుప్రీంకోర్టు అతని పిటిషన్‌ను కొట్టేసింది.

ఎంత తీవ్రమైన జబ్బు ఉంటే శిక్ష తగ్గించాలన్న కొలతను 2019 ఏప్రిల్ 12 నాటి తీర్పు ఇచ్చింది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వచ్చిన జస్టిస్ ఎన్.వి. రమణ రాసినది. వైద్య వివరాల గోప్యత దృష్ట్యా ఖైదీ పేరు తీసేసి ‘నిందితుడు ఎక్స్’ అన్నారు. మహారాష్ట్రలో ఇద్దరు బాలికలపై అత్యాచారం చేసి చంపిన ఘోరమైన నేరం. శిక్ష పడిన తర్వాత చాలా ఏళ్ళు తీవ్ర మానసిక వ్యాధితో బాధపడ్డాడు. తనకు విధించిన శిక్ష స్వభావమూ ప్రయోజనమూ అర్థం చేసుకోలేనంతటి తీవ్రత ఉండాలి, స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులే ఈ కోవలోకి వస్తాయి, నిరూపించే భారం ఖైదీదే, ప్రభుత్వం కాదనవచ్చు, అవసరమైతే నిపుణుల బృందాన్ని కోర్టు నియమించవచ్చు. అతని శిక్ష మిగిలిన జీవితమంతా జైలుగా మారింది, వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వం మీద పడింది.

ఈ కొలత ఎవరికి ఒదుగుతుందో, ఎవరికి ఒదగదో మరుసటి ఏడాదే తేలింది. ఢిల్లీ నిర్భయ కేసు ముద్దాయిల్లో ఒకరు మానసిక వ్యాధి వాదనతో వేసిన పిటిషన్‌ను 2020 ఫిబ్రవరిలో వైద్య నివేదికలు చూసి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మార్చి 20న తీహార్‌లో నలుగురి ఉరీ జరిగిపోయింది.

కోర్టు దాకా రాని కేసులు ఎన్నో ‘డెత్‌వర్తీ’ అన్న 2021 అధ్యయనం కొంత చూపించింది. ఐదు రాష్ట్రాల్లో 88 మంది ఉరి ఖైదీలను పరీక్షిస్తే 62 శాతానికి పైగా కనీసం ఒక మానసిక వ్యాధితో ఉన్నారు, 11 శాతం మందికి బుద్ధిమాంద్యం ఉంది. ఆ మరుసటి ఏడాది, 2022 మే 20న, మనోజ్ కేసులో సుప్రీంకోర్టు భారాన్ని తిరగేసింది. మానసిక మూల్యాంకనాన్ని విచారణ దశలోనే ప్రభుత్వం కోర్టు ముందు పెట్టాలని చెప్పింది. అంటే ఆరా తీసేవాడు లేక ఆగిపోయిన ప్రశ్నను ఇకపై ప్రభుత్వమే అడగాలి. జిల్లా కోర్టుల్లో ఆ నివేదికలు రాయగల నిపుణులు అరుదు కనుక ఆ ఆదేశం విలువ ఆ కొరత తీరడం మీద ఉంది.

పొరుగున పాకిస్తాన్‌లో స్కిజోఫ్రీనియా శాశ్వత మతిభ్రంశం కాదని 2016లో చెప్పిన సుప్రీంకోర్టు, 2021 ఫిబ్రవరి 10న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో ఆ మాట వెనక్కి తీసుకుని ఇద్దరు ఖైదీల ఉరిశిక్షలు రద్దు చేసింది.

భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత బిల్లు 2023 ఆగస్టులో వచ్చినప్పుడు ‘మతిస్థిమితం లేకపోవడం’ పోయి ‘మానసిక అనారోగ్యం’ అన్న మాట చేరింది. పార్లమెంటరీ కమిటీ పరిశీలన తర్వాత డిసెంబరులో పాత మాటే తిరిగి వచ్చి 22వ సెక్షన్‌లో కూర్చుంది. ఉరికి సంబంధించిన నిబంధనలు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉన్నాయి, అది 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. అందులో గర్భవతికి పడిన ఉరిశిక్షను మార్చే 456వ సెక్షన్ ఉంది. శిక్ష పడ్డాక మతి తప్పినవారి గురించి ఒక్క సెక్షన్ లేదు.